గోడ వైపు తిప్పిన ఫోను

ఫోటో ఫోటో అని మొన్నట్నుంచీ నా ప్రాణం తీస్తున్నారు వదినా. ఉంటే ఇవ్వనా? దాచుకుని నేనేం చేసుకుంటాను చెప్పండి?

ముప్పై ఏళ్లు నడిపారు మీ తమ్ముడు ఈ స్టూడియోని. ఊళ్లో సగం మంది మొహాలు ఈ కంప్యూటర్లో ఉన్నాయి. ఆయన మొహం ఒక్కటే లేదు. నవ్వొస్తోందా? నాకూ మొదట నవ్వే వచ్చింది.

పెళ్లి ఫోటోలా? అబ్బా, అవీ చూశాను. ఆ రోజు ఫోటోలు తీసే మనిషిని ఒక్క నిమిషం కుదురుగా ఉండనిచ్చారా ఈయన? లైటు అటు పెట్టు, ఫ్లాషు తగ్గించు, అమ్మాయి మొహం మీద నీడ పడుతోంది... ఏ ఫోటోలో చూసినా నోరు తెరిచి ఎవరినో తిడుతూనే ఉన్నారు. పెళ్లికొడుకా, మేస్త్రీనా అని మా పిన్ని అడిగింది గుర్తుందా?

ఆధార్ కార్డు మీది ఫోటోనా? అది గోరంత ఉంది వదినా. పెద్దది చేస్తే ముక్కు ఒకచోట, మూతి ఒకచోట. ఇరవై మూడేళ్లుగా నేను చేసేది ఈ పనే కదా. ఎంతమందికి మచ్చలు తీశాను, మూసుకున్న కళ్లు తెరిపించాను, బట్టతల మీద జుట్టు మొలిపించాను! ఈ ఒక్క మొహం దగ్గరే నా వల్ల కాలేదు.

ఒకటుంది. చూపిస్తాను. ముందు ఆ తలుపు దగ్గరికి వేసి ఇలా కూర్చోండి. మీరొక్కరే వినాలి.

నిన్న అందరి ముందూ ఏమన్నారు మీరు? మా తమ్ముణ్ణి పసిపిల్లాణ్ణి చూసుకున్నట్టు చూసుకుంది, ఆఖరి ఊపిరి దాకా వాడి పక్కనే ఉంది అన్నారు. అనకండి వదినా. మీకు దణ్ణం పెడతాను, ఆ మాట ఇంకోసారి అనకండి. మీరు అంటుంటే నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

పక్కన లేను నేను. కిందున్నాను. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే, ఫోటోలు కత్తిరించుకుంటూ. ఆయన పైన, నేను కింద. మధ్యలో ఇరవై మెట్లు.

కాదు, మధ్యలో ఓదార్చకండి. మొత్తం విని, అప్పుడు ఏమనాలో అనండి.

గొంతు ఆపరేషన్ అయ్యాక మాట పోయింది కదా. దానికి ఆయనేం పెద్దగా బాధపడలేదు. 'ఈ ఇంట్లో మాట్లాడేది ఎప్పుడూ నువ్వేగా' అని పలక మీద రాసి చూపించి నన్నే ఏడిపించారు. తర్వాత ఆయాసం మొదలై, మెట్లు దిగడానికి వీల్లేదన్నాడు చూడండి డాక్టరు, అప్పుడు కుంగిపోయారు. పొద్దున కింద షట్టరు లేపిన చప్పుడు వినపడితే చాలు, మంచం మీద లేచి కూర్చునేవారట. లేచి ఎక్కడికి వెళ్తారు? నేను మెట్లు దిగివచ్చేటప్పుడు వెనక్కి చూసేదాన్ని కాదు. చూస్తే దిగేదాన్ని కాదు.

మంచం పక్కన బెల్లు పెట్టించాను. పైన నొక్కితే కింద షాపులో మోగుతుంది. నీళ్లు కావాలన్నా, మందు కావాలన్నా, ఆయాసం ఎక్కువైనా అది నొక్కాలి. ఆ బెల్లు గుర్తుపెట్టుకోండి వదినా.

ఒకరోజు బెల్లు మోగింది. పరుగున వెళ్తే, ఆయన పాత ఫోను తీసి నా చేతిలో పెట్టారు. కిందికి తీసుకెళ్లి కెమెరా స్టాండుకి తగిలించు అని రాశారు. ఈ మనిషికి ఏం తోచట్లేదు పాపం అనుకుని తగిలించాను. ఎదురుగా స్టూలు మీద ఒక టీచరమ్మ, పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చింది. నేనింకా కెమెరా చేతిలోకి తీసుకోనేలేదు, ఆ ఫోను దానంతటదే టక్‌మంది. టీచరమ్మ హడలిపోయింది. నేనూ హడలిపోయాను. పైకి పరిగెత్తి చూద్దును కదా, మీ తమ్ముడు దిండుకి ఆనుకుని దర్జాగా కూర్చున్నారు, చేతిలో రెండో ఫోను, అందులో టీచరమ్మ మొహం!

కింద ఫోను కన్ను, పైన ఫోను వేలు. అంతే అన్నమాట. రెండింట్లోనూ ఏదో యాప్ వేసుకున్నారు. పైన మంచం మీద నుంచే దగ్గరికి లాగచ్చు, దూరం జరపచ్చు, వెలుతురు పెంచచ్చు, నొక్కచ్చు. ఏం లాభం, గడ్డం కొంచెం దించమ్మా అని అరవలేరు కదా. అది నాకు మెసేజ్ పెట్టేవారు, నేను చదివి చెప్పేదాన్ని.

ఆయన పద్ధతి మీకు తెలుసుగా. ఒకటి, రెండు, మూడు అంటానని చెప్పి రెండు దగ్గరే నొక్కేస్తారు. మూడు అనేసరికి జనం మొహాలు బిగుసుకుపోతాయట. మీ ఇంట్లో తీసిన గ్రూపు ఫోటోలో మీరు మూడు కోసం ఎదురుచూస్తూ ఉన్నారు, అన్నయ్యగారు తుమ్మబోతూ ఉన్నారు. ఎంత తిట్టారు మీరు! కానీ హాల్లో పెట్టుకున్నది మాత్రం అదే ఫోటో. ఇప్పుడు ఆయనకి మాట లేదు కాబట్టి వేళ్లు నేను ఎత్తేదాన్ని. ఒకటి. రెండు. టక్! ఒక్కసారి తప్పితే ఒట్టు. వచ్చినవాళ్లు ఫోటో అయ్యాక పైకప్పు వైపు చూసి, థ్యాంక్సండీ అని అరిచి మరీ వెళ్లేవాళ్లు.

రెండు నెలలు వదినా. బతుకు మళ్లీ బతుకులా ఉంది. పొద్దున్నే గడ్డం గీసుకునేవారు. ఎవరికోసమండీ, వాళ్లకి మీరు కనపడరుగా అంటే, డ్యూటీ అని రాసేవారు.

ఆ మొదటిరోజు సాయంత్రమే పాత ఫోను పైకి తెప్పించి, బీరువా మీద పెట్టించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. 'ఎప్పుడూ ఫోటో బయటే ఉన్నాను, ఇవాళ నేనూ లోపలికి వస్తా' అని రాశారు. పదకొండు ఫోటోలు తీశారు. ఇదిగో, ఇవే. నేను చూడండి, ఎంత చక్కగా ఎదురుగా చూస్తున్నానో. మరి ఆయన? పదకొండిట్లోనూ తల దించుకునే ఉన్నారు. చేతిలో ఫోను చూసుకుంటున్నారు. చూడకుండా నొక్కే రకమా ఆయన? తలెత్తండి మహానుభావా అంటాను, ఎత్తుతారు, నొక్కేటప్పుడు మళ్లీ దించేస్తారు. నడినెత్తి తప్ప ఏమీ రాలేదు. ఉన్నదల్లా ఇదే వదినా. ఈ నడినెత్తినే ఫ్రేము కట్టించుకుని పెట్టుకుంటారా?

సరే, ఇక్కడిదాకా బాగానే ఉంది.

ఒకరోజు పదకొండింటికి స్టూలు మీద ఎవరూ లేరు. ఫ్రేములు తెచ్చే మీసాలాయన వచ్చాడు. ఈ బల్ల దగ్గరే నిలబడి, ఎవరో వాళ్ల మామగారి ఫోటోకి అద్దం వద్దు, ఆయనకి గాలాడదు, వల కొట్టి ఇవ్వమన్నారని చెప్తున్నాడు. నేను పగలబడి నవ్వుతున్నాను. టక్‌మంది ఫోను.

అంతకుముందూ ఉత్తప్పుడు టక్‌మనేది, వెలుతురు సరిచూసుకుంటున్నారేమో అనుకునేదాన్ని. ఈసారి అనుమానం వచ్చింది, స్టూలు మీద ఎవరూ లేరు కదా, ఎవరిని తీశారు? మీసాలాయన వెళ్లాక ఫోను తీసి చూశాను. స్టాండు అక్కడుంటే స్టూలుతో పాటు ఈ బల్ల కూడా కనపడుతుంది, నాకా సంగతే తట్టలేదు. అన్నీ నేనే వదినా. ఒకటి కాదు, రెండు కాదు, రెండొందల పైన. నేను కత్తిరిస్తూ, నేను గమ్ము రాస్తూ, నేను ఎవరితోనో మాట్లాడుతూ, నేను నవ్వుతూ. నవ్వుతూ, నవ్వుతూ, నవ్వుతూ.

ఒళ్లు మండిపోయింది నాకు.

మీకు తెలుసు, పెళ్లయిన కొత్తలో ఒకసారి అన్నారు ఆయన. షాపుకొచ్చిన వాడెవడితోనో నవ్వితే, ఎందుకంత నవ్వు అన్నారు. ఒక్కసారే. నేను మూడు రోజులు అన్నం మానేస్తే మీరొచ్చి సర్దిచెప్పారు. ఆయన మళ్లీ జన్మలో అనలేదు. కానీ నేను మర్చిపోయానా? ఇరవై మూడేళ్లు కొంగున కట్టుకుని తిరిగాను ఆ మాటని. ఫోటోలు చూడగానే అదే వచ్చింది నా బుర్రలోకి. మంచం మీద పడుకుని కూడా నన్ను కనిపెడుతున్నాడు అనుకున్నాను.

పైకి వెళ్లి నానా మాటలూ అన్నాను. అన్నవన్నీ మీకు చెప్పలేను. ఒకటి మాత్రం చెప్తాను. నీ ఉచ్చగుడ్డలు ఉతుకుతున్నదాన్ని నేను, నా మీద కాపలానా అన్నాను. నువ్వు అన్నాను వదినా. ఆయన్ని ఎప్పుడైనా నువ్వు అన్నానా?

ఆయన పలక తీసుకుని గబగబా ఏదో రాస్తున్నారు. నేను మొహం తిప్పుకున్నాను. మాట పోయిన మనిషితో పోట్లాట ఎంత సులువో తెలుసా? చూడకపోతే చాలు, గెలిచేస్తాం. పలక మీద సుద్దముక్క చప్పుడు ఆగింది. కాసేపు అలాగే పట్టుకుని ఉన్నట్టున్నారు నా వైపు. నేను దిగి వచ్చేశాను. సాయంత్రానికి తుడిచేశారు. ఏం రాశారో ఈ జన్మకి తెలీదు నాకు.

వచ్చి ఈ స్టాండు పట్టుకుని గోడ వైపు తిప్పేశాను. అదిగో, ఆ తెల్ల గోడ. ఇక మీ సాయం అక్కర్లేదు, వచ్చినవాళ్ల ఫోటోలు నేనే తీసుకుంటాను అని మెసేజ్ పెట్టాను. ఆ చేతిలో మిగిలిన ఒక్క పనీ అలా లాగేసుకున్నాను.

పంతొమ్మిది రోజులు.

చేయాల్సినవన్నీ చేశాను, అందులో ఎవరూ వంక పెట్టలేరు. వేళకి మందు, వేళకి పాలు, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం. మొహం మాత్రం గంటు పెట్టుకుని. స్టాండు తిప్పిన మర్నాడు ఒక మెసేజ్ వచ్చింది ఆయన దగ్గర్నుంచి. 'ఒక్కసారి ఇటు తిప్పవా' అని. చదివాను. జవాబు ఇవ్వలేదు. ఆయన మళ్లీ అడగలేదు.

పంతొమ్మిదో రోజు పన్నెండున్నరకి పాలు కలుపుకుని పైకి వెళ్లాను. దిండుకి ఆనుకునే ఉన్నారు. తల వాలిపోయి ఉంది. ఆ పదకొండు ఫోటోల్లో ఉన్నట్టే, ఫోను చూసుకుంటున్నట్టే ఉన్నారు. నేను గంటు మొహంతోనే, లేవండి, పాలు చల్లారిపోతాయి అన్నాను. రెండుసార్లు అన్నాను.

డాక్టరు వచ్చి చూసి, పదకొండున్నర ప్రాంతంలో అయిపోయి ఉంటుంది, మీరు పక్కన ఉన్నా చేసేదేమీ లేదమ్మా అన్నాడు. ఆ మాటతో అందరూ ఊరుకున్నారు. మీరూ ఊరుకున్నారు.

బెల్లు ఎక్కడుందో ఎవరూ చూడలేదు. నేను చూశాను. ఎడం చేతి కిందే ఉంది. వేలు ఆనించి ఉంది దాని మీద. నొక్కలేదు. కుడిచేతిలో ఫోను.

నీళ్లు తాగుతారా? వద్దా. సరే.

మొన్న పొద్దున, మీరు ఫోటో అడిగారని, ఏమైనా దొరుకుతుందేమోనని ఆ పాత ఫోను తెరిచాను. ఆ రెండొందల ఫోటోలు మళ్లీ చూశాను. ఈసారి కోపం లేదుగా, పని తెలిసినదానిలా చూశాను. ఇది చూడండి. మీసాలాయన వచ్చిన రోజుది. మీసాలాయన ఏడీ? ఆ మోచెయ్యి కనపడుతోందే, అంతే ఆయన. మిగతా మనిషిని బయటికి పెట్టేశారు. నా దాకా దగ్గరికి లాగి తీశారు. అనుమానం ఉన్నవాడు మగవాణ్ణి వదిలేసి, పెళ్లాన్ని మాత్రమే తీస్తాడా వదినా? అన్నీ అంతే. అన్నీ పదకొండు ప్రాంతంలోవే. అద్దం తలుపులోంచి ఎండ వచ్చి ఈ బల్ల మీద పడే వేళ. నా మొహం మీద ఆ వెలుతురు ఎలా ఉందో చూశారా? దానికోసం కాచుకుని తీశారు. నేను ఇంత బాగుంటానని నాకే తెలీదు.

ఇంకోటి. ఆ టక్‌మనే చప్పుడు తీసేయడం ఆయనకి రాదంటారా? చప్పుడు లేకుండా ఫోటో తీయడం దొంగతనం అనేవారు. అందుకే ఉంచారు. నాకు వినపడాలనే ఉంచారు. ఇరవై మూడేళ్లు ఫోటోల మధ్య బతికినదాన్ని, ఇది నాకు తట్టలేదు చూడండి. ఫోటోలో ఎవరున్నారో చూశాను గానీ ఎలా తీశారో చూడలేదు.

పైన నాది నర్సు మొహం వదినా. టైమైంది, నోరు తెరవండి, ఇటు తిరగండి. నవ్వే మొహం కింద ఉండేది. ఆయనకి కావాల్సింది ఆ మొహం.

ఆగండి, ఇంకా అయిపోలేదు. ఏడవకండి, ఇంకా అసలుది చెప్పలేదు నేను.

గోడ వైపు తిప్పాక కూడా తీశారు. ఇవిగో. గోడ. గోడ. గోడ. మొదటి రోజుల్లో ఉత్త గోడే. పిచ్చి పట్టిందా అనుకున్నాను చూడగానే. తర్వాత చూడండి, ఈ రోజు నుంచి. ఇదేంటో తెలిసిందా? కొంచెం వెలుతురు పెంచుతాను ఉండండి. ఇది నేను. నా నీడ. పదకొండింటికి ఎండ తలుపులోంచి వస్తే, నేను బల్ల దగ్గర నిలబడితే, నా నీడ వెళ్లి ఆ గోడ మీద పడుతుంది. కనిపెట్టేశారు వదినా మీ తమ్ముడు. మొహం ఇవ్వకపోతే నీడైనా సరే అనుకున్నారు. రోజూ ఒకటి. ఇది కత్తెర. ఇది నా ముడి. ఇక్కడ వంగి ఏదో ఏరుతున్నాను.

ఇవి ఆఖరి రోజువి. మూడు. మొదటిది పదకొండూ ఐదుకి. రెండోదీ మూడోదీ పదకొండూ పంతొమ్మిదికి, ఒకే నిమిషంలో. మూడు దాకా ఎప్పుడూ వెళ్లని మనిషి.

ఈ రెండోది చూడండి. తల గుండ్రంగా ఉంది కదా. ఇప్పుడు మూడోది చూడండి. ముక్కు కనపడుతోందా? పెదాలు? నేను తల తిప్పాను వదినా. ఫోను వైపు తల తిప్పి చూశాను.

వినపడింది నాకు. ఆ రోజే కాదు, పంతొమ్మిది రోజులూ వినపడింది. పదకొండు అయ్యేసరికి చెవి అటే ఉండేది. టక్‌మనకపోతే, ఏమైంది ఇంకా అనలేదు అని పైకి చూసేదాన్ని. అన్నాక లోపల్లోపల నవ్వుకునేదాన్ని కూడా. గోడని తీసుకుంటున్నాడు మొండిమనిషి అనుకునేదాన్ని. నీడ సంగతి నాకు తెలీదు. ఆ రోజు రెండోసారి టక్‌మనగానే, ఇవాళ రెండోసారి ఏంటి అని తల తిప్పాను. తిప్పానా, మళ్లీ టక్‌మంది. నేను తల తిప్పడం ఆయన చూశారు వదినా. చూసి నొక్కారు. దీనికి వినపడింది, లేచి వస్తుంది, స్టాండు ఇటు తిప్పుతుంది అనుకుని ఉంటారు. బెల్లు మీద వేలుంచి కూడా నొక్కకుండా, చూస్తూ కూర్చుని ఉంటారు.

లేచాను కూడా. స్టాండు దాకా రెండడుగులు వేశాను. ఎంతసేపు పని, చేత్తో పట్టుకుని ఇలా తిప్పడమే కదా.

మళ్లీ వచ్చి కూర్చున్నాను. కత్తెర తీసుకున్నాను.

కోపం ఎప్పుడో పోయింది వదినా. మొదటి వారంలోనే పోయింది. ఆదివారం నాడు తిప్పేద్దాం, తిప్పి ఒకటి, రెండు అని వేళ్లు ఎత్తుదాం అని కూడా అనుకున్నాను. ఆ రోజు శుక్రవారం.

ఇంకో రెండు రోజులు ఏడిపిద్దాం అనుకున్నాను. అంతే.